పంక్త్యంతమున విఱిగిన మాటలు: యూనిక్సు సాధనములతో పాఠపరిష్కరణము

భైంసా ప్రాంతమున సేకరించిన యొక భజనల వ్రాతపుస్తకముపై పరిశోధన సాగించుచున్న మా విద్యార్థి, తాను కూర్చిన మాండలిక పదముల పట్టికను కొంతకాలము క్రిందట మాకు చూపెను. అందు 'గలకు' అను మాట యొకటి యుండెను. దాని కెదుట నతడు ప్రశ్నార్థకము నుంచి, మరాఠీ భాషలోని 'గళా' శబ్దమునుండి వచ్చియుండునా, 'గొంతునకు' అని యర్థము చెప్పవచ్చునా యని వ్రాసికొనెను. ఊహ నిరాధారమైనది కాదు. భైంసా మహారాష్ట్ర సరిహద్దునకు సమీపమున నున్నది. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలోనిది. ఆ ప్రాంతమున తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వాడుకలో నున్నవి. ఆ పుస్తకమునందే తెలుగు కీర్తనల నడుమ మరాఠీ అభంగములు నాగరలిపిలో వ్రాయబడియున్నవి. కావున నొక మరాఠీ మాట తెలుగు విభక్తితో కనబడుట యబ్బురము గాదు.

అయినను అనుమానము తీఱక పుస్తకమును తెఱచి చూచితిమి. ఒక పద్యమున రెండవ పాదము చివర 'పండు' అనియు, మూడవ పాదము మొదట 'గలకు' అనియు నున్నది. మాట 'పండుగలకు'. కంప్యూటరు పదసూచికను తయారుచేయునపుడు పంక్తి ముగిసినచోట మాటయు ముగిసినదని తలచి, ఒక మాటను రెండుగా లెక్కించినది. 'పండు' అను మాటకు లేని ప్రయోగ మొకటి అధికముగ చేరినది. 'గలకు' అను లేని మాట పుట్టినది. సూచిక తయారుచేయు పద్ధతిని ఆ విద్యార్థికి నేర్పినవారము మేమే గనుక తప్పు మాదే. ఈ వ్యాసము ఆ తప్పును దిద్దుకొన్న విధమును గూర్చినది.

ఇట్లు పుట్టిన మాటలు అచ్చు గ్రంథములలోనికి ఎక్కిన సందర్భములు కలవు. అమెరికాలో 1934లో వెలువడిన వెబ్‌స్టర్ నిఘంటువు రెండవ ప్రచురణమున 'డార్డ్' అను మాట కలదు. అర్థము సాంద్రత యని. అట్టి మాట ఆంగ్లమున లేదు. సాంద్రతకు సంక్షేపముగా 'డి' అక్షరమును పెద్దదిగ గాని చిన్నదిగ గాని వ్రాయవచ్చునని సూచించు చీటీ యొకటి పొరపాటున మాటల చీటీలలో కలిసి, నడుమ నున్న ఖాళీలు పోయి, మూడు ముక్కలు నొక మాటయైనవి. 1939లో గాని సంపాదకు లది గమనింపలేదు. అచ్చట ఖాళీ పోయి మాట పుట్టినది, మాకు ఖాళీ చేరి మాట పుట్టినది.

తెలుగు పాఠములకు ఈ ప్రమాదము మిక్కుటము. సంస్కృత శ్లోకమున శ్లోకార్ధము ముగియునపుడు పదము ముగియుట నియతము. తెలుగు పద్యమున అట్టి నియమము లేదు. కందమున గాని, చంపకోత్పలమాలలయందు గాని మాట యొక పాదమున మొదలై మఱియొక పాదమున ముగియుట సర్వసాధారణము. దానిని దోషముగా నెవ్వరును తలపరు. తాటాకు గ్రంథములలో ఈ చిక్కు వేఱు విధముగ నుండెడిది. లేఖకుడు పద్యమును పాదములుగ విడదీయక ఏకధాటిగ వ్రాసికొనిపోవును. ఆకు అంచు వచ్చినచోట పంక్తి ముగియును, అది మాట నడుమనైనను సరియే. ఆ వ్రాతను చదువువాడు అంచును లెక్కచేయడు, నోటితో చదివికొనిపోవును. పద్యమును నాలుగు పంక్తులుగ విడదీసి చూపుట అచ్చుతో స్థిరపడిన యలవాటు. కన్ను ఆ విభాగమునకు అలవడినను చెవి దానిని దాటి వినును. కంప్యూటరునకు చెవి లేదు.

పంక్తియెడల కంప్యూటరునకు గల ఈ పట్టుదలకు చారిత్రక కారణము కలదు. యూనిక్సు వ్యవస్థ 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారి చేతులలో రూపుదాల్చినది. నాడు మనిషికిని యంత్రమునకును నడుమ నుండినది తెర కాదు, కాగితముపై కొట్టు టెలిటైపు. ఒక్కొక పంక్తిని అడిగి, చూచి, దిద్ది, తిరిగి అచ్చొత్తించుకొనవలసినదే. థామ్సన్ వ్రాసిన 'ఎడ్' అను సంస్కర్త పంక్తినే ప్రమాణముగ గైకొన్నది. 1973-74 ప్రాంతమున లీ మెక్‌మాన్ దాని యాజ్ఞలను తీసికొని, మనిషి ప్రక్కన కూర్చుండనక్కఱ లేకుండ ప్రవాహముగ పనిచేయు 'సెడ్' అను సాధనమును నిర్మించెను. ఆనాటి పీడీపీ-11 యంత్రమున నొక ప్రోగ్రాము ఒకేమాఱు చేరగలిగిన జ్ఞాపకము 64 కిలోబైట్లు మాత్రమే. పెద్ద ఫైలును మొత్తముగ మ్రింగుట కది చాలదు. పంక్తివెంట పంక్తిని చదివి, మార్చి, వెలికి పంపి, మఱచిపోవుట తెలివైన యుపాయము. నేడా యిఱుకు లేదు, ఎంత పెద్ద కావ్యమైనను జ్ఞాపకమునకు భారము గాదు. అలవాటు మాత్రము నిలిచినది.

సెడ్ పనిచేయు తీరును కొంచెము వివరింపవలసియున్నది, చిక్కంతయు అందే యున్నది గనుక. సెడ్ ఒక పంక్తిని చదివి, దాని చివరి న్యూలైను గుర్తును తొలగించి, పాటర్న్ స్పేసు అను తావున నుంచును. మనము చెప్పిన మార్పులను అచ్చట చేసి, న్యూలైనును మఱల చేర్చి వెలికి పంపును. కావున 'పండు' తరువాత న్యూలైను, దాని తరువాత 'గలకు' ఉన్నచోట 'పండుగలకు' అని మార్చుమని ఎన్నిమాఱులు చెప్పినను అది యేమియు చేయదు. మనము వెదకుమన్న న్యూలైను దాని యెదుట లేదు. తప్పు చెప్పదు, ఫిర్యాదు చేయదు, ఫైలును యథాతథముగ తిరిగి యిచ్చును. మొదట మేము మా యాజ్ఞలోనే అక్షరదోష మున్నదనుకొని ఒక పూట గడపితిమి.

దీనికి అందఱును మొదట చెప్పు చికిత్స పెద్ద అక్షరపు 'ఎన్' ఆజ్ఞ. అది తరువాతి పంక్తిని తెచ్చి ముందుదానితో చేర్చును. అప్పుడు రెంటి నడుమ న్యూలైను కనబడును, మార్పు జరుగును. మేమును అట్లే చేసితిమి. ఫలితమును చూచిన కొన్ని మాటలు కలిసినవి, కొన్ని కలియలేదు. కారణ మిది. సెడ్ 1, 2 పంక్తులను జతపఱచి పని ముగించి, తరువాత 3, 4 పంక్తులను జతపఱచును. 2, 3 పంక్తుల నడిమి అతుకు ఎన్నడును దాని కంట పడదు. మొదటి పద్యమున రెండవ మూడవ పాదముల నడుమ విఱిగిన మాట మిగిలిపోవును. పద్యముల నడుమ నొక ఖాళీ పంక్తి యున్నచో రెండవ పద్యమున జత తప్పి, రెండవ మూడవ పాదముల నడిమి అతుకు కలిసి, తక్కిన రెండును విడిచిపోవును. మూడవ పద్యము మఱల మొదటిదానివలె. ఇట్లు సగము సరిపడిన పాఠము పూర్తిగా చెడిన పాఠముకంటె అపాయకరమని మా యనుభవము. పరీక్షకై ఒక పుటను తిరుగవేసినవానికి అంతయు బాగుగనే యున్నట్లు తోచును.

దీనిని సరిచేయుటకు సెడ్‌లోనే రెండాజ్ఞలు కలవు. చేర్చిన రెండు పంక్తులలో మొదటిదానిని మాత్రము వెలికి పంపునది పెద్ద అక్షరపు 'పి'. దానిని మాత్రము తుడిచి, రెండవదానిని నిలిపి మఱల మొదటినుండి పని ప్రారంభించునది పెద్ద అక్షరపు 'డి'. ఈ మూటిని వరుసగ వాడిన, రెండు పంక్తుల వెడల్పుగల కిటికీ ఫైలుపై నొక్కొక్క పంక్తి చొప్పున జరుగును. ఏ యతుకును తప్పిపోదు. ఒకటి మాత్రము గుర్తుంచుకొనవలెను: మార్పు జరిగినపుడు న్యూలైను పోయి రెండు పంక్తులును నొకటియగును, కిటికీ యంతయు ఖాళీయైపోవును, తరువాతి యతుకు తప్పిపోవును. అందుచేత మార్పు ఫలించినచో మొదటికి మఱలిపొమ్మని చిన్న అక్షరపు 'టి' ఆజ్ఞను చేర్చవలెను. ఇక చివరి పంక్తి యొద్ద తెచ్చుటకు మఱియొక పంక్తి లేదు. అపుడు 'ఎన్' ఆజ్ఞ ప్రవర్తన అన్ని సెడ్‌లలో నొక్కటి కాదు. గ్నూ వారిది మిగిలినదానిని వెలికి పంపి ముగించును. ప్రమాణమును అక్షరశః పాటించునవి దానిని పంపకయే ముగింపవచ్చును, అనగా గ్రంథము కడపటి పంక్తి పోవును. వ్రాతప్రతులలో కడపటి పంక్తి యేమి చెప్పునో పరిశోధకులకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. లేఖకుని పేరు, ఊరు, తిథి అచ్చటనే యుండును. కావున 'చివరి పంక్తి కానిచో' అను నిబంధనతోనే 'ఎన్' ఆజ్ఞను వాడుట క్షేమము.

పద్యములకు ఇంతకంటె సహజమైన మార్గమొకటి కలదు. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ అను మువ్వురు నిర్మించిన 'ఆక్' సాధనమున, ప్రమాణము పంక్తియే యని మనము అంగీకరింపనక్కఱ లేదు. రికార్డుల నడిమి గుర్తు శూన్యమని చెప్పినచో అది ఖాళీ పంక్తి వఱకు గల భాగమంతయు నొక రికార్డుగ గ్రహించును. ఫీల్డుల నడిమి గుర్తు న్యూలైనని గూడ చెప్పినచో పంక్తులు దాని యంగములగును. అనగా పద్యమొక రికార్డు, పాదమొక ఫీల్డు. ఛందోవేత్త చూచునట్లే యంత్రమును చూచునన్నమాట. 1987లో లారీ వాల్ వ్రాసిన 'పెర్ల్' భాషయందును ఈ సౌకర్యము కలదు. ఆయన భాషాశాస్త్రము చదివినవాడగుటచే కాబోలు, ఆ భాష పాఠములను మన్నించు తీరు వేఱుగ నుండును. అయితే ఒక హెచ్చరిక. ఖాళీ పంక్తి యనగా నిజముగ ఖాళీగ నుండవలెను. కంటికి కనబడని స్పేసు ఒక్కటి అందున్నను అది ఖాళీ గాదు. రెండు పద్యములు నొక్కటియై యెనిమిది పాదముల పద్యము పుట్టును. విండోసు యంత్రములపై కొట్టిన ఫైళ్లలో ప్రతి పంక్తి చివర అదనముగ నుండు క్యారేజి రిటర్ను గుర్తు వలనను ఇదే యగును. అపుడు గ్రంథమంతయు నొకే పద్యము!

పెర్ల్‌లో ఫైలునంతటిని ఒకేమాఱు మ్రింగించు సూచన మఱియొకటి కలదు. 0777 అను అంకె నిచ్చుటచే అది నెఱవేఱును. మాకు జరిగిన పెద్ద నష్ట మిచ్చటనే. పుస్తకమును కంప్యూటరున ఎక్కించినవారు సందేహముగల చోట్ల చదరపు కుండలీకరణములలో తమ వ్యాఖ్యలను వ్రాసియుండిరి. కొన్ని వ్యాఖ్యలు రెండుమూడు పంక్తులకు ప్రాకినవి. వానిని తొలగింపదలచి, కుండలీకరణము మొదలు కుండలీకరణము తుద వఱకు ఏమున్నను తీసివేయుమని యాజ్ఞాపించితిమి. బిందువునకు సామాన్యముగ న్యూలైను అందదు గనుక అందించు గుర్తును గూడ చేర్చితిమి. 'ఏమున్నను' అనుటకు వాడు నక్షత్రపు గుర్తు అత్యాశ గలది. సాధ్యమైనంత దూరము పోవును. గ్రంథమున మొట్టమొదటి కుండలీకరణమునుండి కట్టకడపటి దాని వఱకు గల నూటయేబది పుటలు నొక్క వ్యాఖ్యగ భావింపబడి తుడిచిపెట్టుకొనిపోయినవి. పైగా మూలఫైలుమీదనే నకలు లేకుండ ఆ పని చేసితిమి. టైపు చేసినవారి యొద్ద పాత నకలు దొరకుటచే బ్రతికితిమి గాని రెండు వారముల దిద్దుబాట్లు పోయినవి. 'ఏమున్నను' అనుటకు మాఱు 'మూయు కుండలీకరణము కానిది ఏదైనను' అని చెప్పియున్నచో ఈ యాపద రాదు. ఒక్కొక్క పంక్తితో పనిచేయునపుడు అత్యాశ వలన చెడునది ఒక పంక్తి మాత్రమే. ఫైలునంతయు తెఱచి యిచ్చినపుడు చెడునది గ్రంథము. పాత సాధనముల యిఱుకుతనము ఒక విధముగ రక్షయు నైయుండెను.

ఇంతవఱకు చెప్పినది ఏ భాషకైనను వర్తించును. తెలుగునకు ప్రత్యేకమైనది వేఱొకటి కలదు. న్యూలైనును తొలగించి రెండు పంక్తులను కలిపినపుడు అక్షరములు మాఱవని సామాన్యముగ తలతుము. అది సత్యము గాదు. ఒక పాదము 'పలికెన్' అని ముగిసి, తరువాతిది 'రమ్యముగ' అని మొదలైన దనుకొందము. పాదాంతమున ద్రుతముతో ముగియు మాటలు మన పద్యములలో కోకొల్లలు. నడిమి న్యూలైనును తీసివేసిన మఱుక్షణము పొల్లు నకారమునకును రేఫమునకును సంబంధ మేర్పడి తెరపై 'పలికెన్రమ్యముగ' అని సంయుక్తాక్షరము కనబడును. యూనికోడున పొల్లునకును సంయుక్తమునకును గుర్తు ఒక్కటే. తరువాత హల్లు వచ్చినచో వత్తగును, రానిచో పొల్లుగ నిలుచును. ఇన్నాళ్లు పొల్లును పొల్లుగ నిలిపినది ఆ న్యూలైనే. అట్లని ప్రతిచోటను స్పేసు నుంచవచ్చునా? 'బృహత్' అని పాదము ముగిసి 'కావ్యము' అని తరువాతిది మొదలైనచో అచ్చట సంయుక్తమే సరి. ఈ రెండు సందర్భములకును యంత్రము దృష్టిలో భేదము లేదు: హల్లు, పొల్లు, న్యూలైను, హల్లు. భేదము మాట తెలిసినవానికే తెలియును.

కనుక మేము చివరకు ఎన్నుకొన్న పద్ధతి యిది. పాఠమును చదువువాడు ముందుగ, మాట తరువాతి పాదమునకు ప్రాకినచోట మాత్రము, పంక్తి చివర ఒక కూడిక గుర్తు నుంచును. ఆ గుర్తు గ్రంథమున మఱెచ్చటను లేదని ముందే వెదకి చూచుకొంటిమి. చిన్నగీతను ఎన్నుకొనినచో సమాసముల నడుమ నుండు గీతలతో కలిసిపోవును. తరువాత యంత్రము, కూడిక గుర్తును దాని వెంట నున్న న్యూలైనును కలిపి తొలగించును. తక్కిన న్యూలైనులకు మాఱు స్పేసు నుంచును. ఈ మార్పంతయు పదసూచికకై చేసిన నకలుపైననే. పాదవిభాగము గల మూలప్రతి గుర్తులతో సహా యట్లే యుండును. ఈ పనిలో కష్టమంతయు గుర్తులుంచుటలో నున్నది. అది రెండు నెలలు పట్టినది. మార్పు జరుగుటకు ఒక క్షణమైనను పట్టలేదు.

మాటలు అతికినవో లేదో చూచుటకు ఊరిపేరును వెదకితిమి. పుస్తకమున భైంసా పేరు పలుచోట్ల కలదు. రెండు చోట్ల 'భైం' అని పంక్తి ముగిసి 'సా' తరువాతి పంక్తిలో నున్నది. అతుకు పెట్టిన తరువాతను వెదకుడు కొన్నింటిని పట్టుకొనలేదు. పరిశీలింపగా ఐత్వమే కారణమని తెలిసినది. యూనికోడున ఐత్వమును ఒకే గుర్తుగ వ్రాయవచ్చును, లేక ఎత్వమును దాని క్రింది ఐత్వపు భాగమును రెండు గుర్తులుగ వ్రాయవచ్చును. చూపునకు రెండును నొక్కటే. మొదటి విధమున భైంసా పేరునకు 5 గుర్తులు, యూటీఎఫ్-8 లెక్కన 15 బైట్లు. రెండవ విధమున 6 గుర్తులు, 18 బైట్లు. ఇరువురు టైపు చేయుటచే రెండు విధములును ఫైలులో చేరినవి. పెర్ల్‌తో కూడ వచ్చు యూనికోడ్ నార్మలైజ్ అను నుపకరణము వీనిని ఏకరూపమునకు తెచ్చును. ఏ వెదకులాటకైనను, ఏ మార్పునకైనను ముందు చేయవలసిన పని యిది. 'భైన్సా' అను వ్రాతను మాత్రము మేము మార్పలేదు. అది లేఖకుని వ్రాత, పాఠభేదము. ఐత్వపు రెండు రూపములు కేవలము యంత్రభేదము.

కందపద్యములకు ప్రాసనియమము మంచి సాక్షి యైనది. పద్యమును ఒక రికార్డుగను పాదములను ఫీల్డులుగను గ్రహింపజేసి, నాలుగు పాదముల రెండవ యక్షరములందలి హల్లులను ఆక్ చేత పోల్పించితిమి. ఇచ్చట రెండవ యక్షరమనగా రెండవ యూనికోడు గుర్తు గాదు. హల్లు, వత్తు, గుణింతము కలిసిన దొక్క యక్షరమని యంత్రమునకు బోధింపవలసివచ్చినది. ప్రాస కలియని పద్యములను వేఱుచేసి చూడగా, పెక్కింట పాదవిభాగమే తప్పు. టైపు చేసినవారు ఒక యక్షరమును ముందుపాదమునకో వెనుకపాదమునకో జరిపియుండిరి. ఆటవెలది, తేటగీతి, సీసములకు ప్రాసనియమము లేదు గనుక వానిని కంటితోనే చూచితిమి.

మార్పు తరువాత పరీక్ష మాటయును చెప్పవలెను. రెండు ఫైళ్లను పోల్చు 'డిఫ్' పంక్తివారీగ పోల్చును. పంక్తులే మాఱినపుడు ప్రతి పంక్తియు భిన్నమని చూపును, ప్రయోజనము లేదు. మేము రెండు ప్రతులనుండియు స్పేసులను, న్యూలైనులను, కూడిక గుర్తులను తొలగించి, మిగిలిన యక్షరప్రవాహములు బైటు బైటునకు సమముగ నున్నవేమో 'సీఎంపీ' సాధనముచే చూచితిమి. సమముగ నున్నచో మనము మార్చినది పంక్తివిభాగము మాత్రమే యని రుజువగును. ఈ తొలగింపునకు 'టీఆర్' సాధనము చాలును. అయితే పొల్లుగ నిలుపుటకై కొందఱు చేర్చు కనబడని విభాజక గుర్తును గూడ దానిచేతనే తొలగింపబోయి చిక్కుపడితిమి. ప్రచారమున నున్న గ్నూ టీఆర్ ఒక్కొక్క బైటునే యెఱుగును. ఆ విభాజకమున మూడు బైట్లు కలవు. అందు చివరి రెండును మన దీర్ఘ ఈత్వపు, ఔత్వపు గుర్తుల కడపటి బైట్లు. విభాజకములతోపాటు గ్రంథమందలి ఈత్వములు, ఔత్వములు అన్నియు విఱిగిపోయినవి. ఈ మాఱు పనిచేసినది నకలుమీద గనుక నవ్వుకొని ఊరకుంటిమి.

'గలకు' పట్టికనుండి పోయినది. దానితోపాటు మఱి కొన్ని మాటలును పోయినవి. విద్యార్థి కొంత చిన్నబుచ్చుకొనినను, మిగిలిన పట్టికలో నిజముగ మరాఠీనుండి వచ్చిన మాటలు ఇపుడు స్పష్టముగ కనబడుచున్నవి. మూడు చోట్ల మాత్రము కూడిక గుర్తు నుంచవలెనో వలదో మేము తేల్చుకొనలేకపోతిమి. వానిలో నొకచోట ఒక పాదము 'కల' అని ముగిసి, తరువాతిది 'వారికి' అని మొదలగుచున్నది. కలిపిన సంపన్నులకు అని యర్థము. విడదీసిన స్వప్నము వారికి అని యర్థము. కీర్తన సందర్భము రెంటికిని ఒదుగుచున్నది. ఆ భజన నెఱిగిన పెద్దలు పాడగా విని, వారెక్కడ ఊపిరి తీసికొందురో చూడవలసియున్నది. అందాక అచ్చటి న్యూలైనును అట్లే యుంచి, పదసూచికలో ఆ రెండు పంక్తులను చేర్పక విడిచితిమి.